మిగిలిన మ వత్తులు

సోమనర్సయ్య ఇంటి ముందటి అర్రలో తొక్కుడు మిషను దిగి పదకొండు రోజులైంది. ఆ పదకొండు రోజుల్లో అది ఒక్క కాగితాన్నయినా మొదటిసారే సరిగ్గా అచ్చు వేసిన పాపాన పోలేదు. జనగామ బజారులో ఆయన పనిచేసిన ప్రెస్సు మూతపడుతుంటే, యజమాని ఈ పాత మిషనును ఆయనకు అంటగట్టాడు. ఇంకా ఇరవయ్యేండ్లు తొక్కొచ్చు అన్నాడు. తొక్కితే చక్రం తిరుగుతుంది, అబద్ధమెందుకు. కాకపోతే తిరిగినప్పుడల్లా ఎక్కడో ఒకచోట అలుగుతుంది. ఒకనాడు కాలిపీట బోల్టు, ఒకనాడు సిరా పళ్లెం. ఈ సోమవారం పేజీ చివరి మూల అచ్చు పడలేదు.

మొదటి గిరాకీ సర్కారు ఆఫీసు పనే. పంచాయతీ ఎన్నికలకు ఓటర్ల జాబితా, మూడు పేజీలు, పేజీకి పాతిక కాపీలు. బుధవారం ఆఫీసు గోడకు వేలాడాలి. అభ్యంతరాలుంటే గురువారం మధ్యాహ్నం లోపల చెప్పుకోవాలి. ఆఫీసు వాళ్లిచ్చిన కాగితం ఉల్లిపొర కన్నా పలచన.

"అవుతల మనిషి మొకం గనవడుతున్నది. గిదేం కాయితం?" అని సోమనర్సయ్య ప్రతి పేజీకి ఒకసారి సణుగుతున్నాడు.

జాబితా కట్టమ్మ వాళ్ల ఊరిది. ఆమె రెండు కోసుల దూరం నుంచి నడిచి వచ్చి ఇక్కడ అక్షరాలు విడదీస్తుంది. అచ్చయిపోయిన పేజీలోని సీసపు అక్షరాలను వరుస వరుసగా ఎడమ చేతిలోకి తీసుకుని, దేని గడిలో దాన్ని వెయ్యాలి. బియ్యంలో రాళ్లేరినట్టే, దానికి చదువెందుకు అని సోమనర్సయ్య అందరితో అంటాడు. కట్టమ్మ కూడా మొదట్లో అలాగే ఏరింది. బజారు ప్రెస్సులో నాలుగేండ్లు ఏరేసరికి అక్షరాలు చేతిలో మాటలై పలకడం మొదలుపెట్టాయి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అది చదువైతే కదా! సీసపు అక్షరం అద్దంలో బొమ్మ లాంటిది, పైగా తలకిందులుగా పట్టుకుని చూడాలి. అలా చూస్తేనే ఆమెకు తెలుస్తుంది. బస్సు మీద బోర్డు, గోడ మీద రాత, చేతిలో కాగితం ఏదీ అర్థం కాదు. అందుకే ఎక్కడ సంతకమన్నా ఎడమ బొటనవేలు చాపుతుంది.

ఆ రోజు ఆమె కన్ను మ వత్తుల గడి మీద పడింది. ఊళ్లో ఆడవాళ్ల పేర్లు చాలావరకు మ్మతోనే ఆగుతాయి. అట్లాంటి పేరు ఏది పెట్టినా ఆ చిన్న వత్తు ఒకటి ఖర్చు. మొదటి పేజీకే గడి ఊడ్చుకుపోయింది. రెండో పేజీకి లచ్చమ్మల దగ్గర పని ఆగిపోతే, సోమనర్సయ్య ఇంకో ప్రెస్సుకు పోయి గుప్పెడు వత్తులు అడుక్కొచ్చాడు. మూడో పేజీలో కట్టమ్మ వాళ్ల వాడ ఉండాలి. అందులో ఆడవాళ్లే పందొమ్మిది మంది. మళ్లీ కరువు రావాల్సింది పోయి, పేజీ పూర్తయ్యాక కూడా గడిలో మ వత్తులు మిగిలి ఉన్నాయి. ఆమె వేలితో కదిపి చూసింది. గుప్పెడుకు తక్కువ లేవు.

మిషను దగ్గరికి పోయి, బిగించిన పేజీ మీదికి వంగింది. పక్కింటి గట్టమ్మ లేదు. కొమురమ్మ లేదు. వాడ మొత్తంలో వెంకటనర్సమ్మ అనే ముసలమ్మ పేరొక్కటే ఉంది. అన్నింటికన్నా కింద, ప్రూఫు మీద అచ్చు పడని ఆ మూలకు, సన్న అక్షరాల్లో ఒక వరుస ఉంది.

"అన్నా, మా వాడోళ్లు యాడ వోయిన్రు?"

సోమనర్సయ్య రోలరు తుడుస్తున్నాడు. "యాడికి వోతరు? ఇంటికాడ్నే ఉంటరు."

"గీ పేజీల లేరు. మ వత్తులు మిగిలినయ్."

"మిగిల్తె మంచిదే గద."

"మృతి అంటె సచ్చినోళ్లే గద అన్నా? దశదినం కార్డుల మీద గదే మాట ఉంటది."

ఆయన చేతిలో గుడ్డ ఆగింది. "నీకు సదువొస్తదా?"

"రాదు."

"మరి గా మాటెట్ల జెప్పినవ్?"

"సీసం మీదుంటె గుర్తువడుతది. కాయితం మీద రాదు." దొంగతనం ఒప్పుకున్నట్టు ఆమె తల దించుకుంది. "ముప్పై ఏడు అని ఉన్నది. మృతి వల్ల తొలగించినవి, ముప్పై ఏడు."

సోమనర్సయ్య చేతులు తుడుచుకుని ఆఫీసు వాళ్లిచ్చిన రాతప్రతి తీశాడు. మూడో పేజీలో వాడ వాడంతా ఎర్ర పెన్సిలుతో కొట్టేసి ఉంది. కొట్టేసినవి వదిలెయ్యమన్నారని ఆయన వదిలేశాడు, పేర్లు చూడలేదు. ఇప్పుడు చదివాడు. గట్టమ్మ, మృతి. కొమురెల్లి, మృతి. కట్టమ్మ, ముప్పై నాలుగేండ్లు, మృతి.

"నేను సుత?"

"నువ్వు సుత."

కట్టమ్మకు భయమూ వేసింది, నవ్వూ వచ్చింది. జాబితా రాసింది రఘునాథ్ సారు, బెజవాడ దిక్కు నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చిన బడి పంతులు. ఆయన వాడకొచ్చిన మాఘమాసంలో ఈ మిషను ఇంకా బజారులో తాళం కింద ఉంది, ఆమెకు ప్రెస్సు పని లేదు.

"గప్పుడు వాడంత మానుకోట దిక్కు మిర్చి ఏరవోయినం. వెంకటనర్సవ్వ ఒక్కతే ఉండె. ఆ సారు అందరేరని అడిగుంటడు."

"అవ్వ ఏమని ఉంటది?"

"ఏమంటది? పోయిన్రు అంటది."

లోపల చాటలో పప్పు చెరుగుతున్న సరోజన, సోమనర్సయ్య భార్య, పకపకా నవ్వింది. బయట ఇద్దరూ నవ్వకపోయేసరికి ఆమె కూడా ఆపేసి గడప దగ్గరికొచ్చింది.

కొమురెల్లి కట్టమ్మ తమ్ముడు. ఆ వాడ నుంచి సర్పంచికి నిలబడతానన్న మొదటి మనిషి. పది రోజుల్లో నామినేషను వెయ్యాలి. జాబితాలో పేరు లేనివాడు నామినేషను ఎట్లా వేస్తాడు? ముప్పై ఏడు మందిలో ఒక్కరు కూడా ఓటెట్లా వేస్తారు?

"ఆఫీసుల జెప్తె రాసుకోరా?" అని సరోజన అడిగింది.

"జాబితా గోడకు వెట్టినంకనే అభ్యంతరం తీసుకుంటరు. అచ్చు కాకముందు ఏం జెప్పినా ఇనరు," అన్నాడు సోమనర్సయ్య. ముగ్గురూ ఒకేసారి మిషను దిక్కు చూశారు.

మంగళవారం పొద్దెక్కేసరికి రోలర్లు కరిగాయి. అవి సరేసు అనే తోలు జిగురు, బెల్లం కలిపి పోసినవి. ఎండకు మెత్తబడి, ఒక పక్క పొట్ట దిగి, అక్షరాల మీద సిరా ముద్దలు ముద్దలుగా పెట్టాయి. గ అక్షరం కడుపు నిండిపోయి మసిబొట్టయింది. బెల్లం వాసనకు చీమలు వరుస కట్టి మిషనెక్కాయి. సోమనర్సయ్య తలుపులు మూసి తడిబట్ట చుట్టి చూశాడు, లాభం లేకపోయింది.

అప్పుడే లక్ష్మీకాంత్ దొర వచ్చాడు. ఊళ్లో సగం చెలకలు ఆయనవి, ఇరవై ఏండ్లుగా సర్పంచి పదవి ఆ ఇంట్లోనే ఉంది. ఈ పని సోమనర్సయ్యకు ఇప్పించింది కూడా ఆయనే. లోపలికి రాకుండా గడప మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు.

"ఏందయ్యా నర్సయ్యా, సప్పుడు లేదు?"

"రోలర్లు కరిగినయ్ దొరా."

"కరగనియ్. తొందరేమున్నది? గురువారం పొద్దుగూకంగ ఇయ్యి. మిషను ఖరాబైందని ఆఫీసుల నేను జెప్త."

"బుధవారం వెట్టాలన్నరు..."

"నేను జెప్తనంటున్న గద." దొర చెయ్యి చాపి నిన్నటి ప్రూఫు అందుకున్నాడు. "గీ మూలకేమైంది, బోసిగున్నది?"

"అచ్చు వడ్తలేదు దొరా. అడుగున ఎత్తు చాల్తలేదు."

"ఉండనియ్. గా మూల లేకుంటె ఎవడు అడుగుతడు?" ప్రూఫు తిరిగిచ్చి, అక్షరాల బల్ల దగ్గరున్న కట్టమ్మను చూశాడు. "ఏమే కట్టీ, మీ తమ్ముడు సర్పంచయితడటగద?"

"ఏమో దొరా."

"కానియ్ కానియ్. బతికున్నోనికి ఏదో ఒక ఆశ ఉండాలె." అని నవ్వాడు. కట్టమ్మ చేతిలోని వరుస చెదిరి అక్షరాలు బల్ల మీద రాలాయి. తప్పు ఎట్లా పడిందో గాని, అది పడిందని దొరకు ముందే తెలుసు. ఆమె ఒళ్లు మండింది. తల ఎత్తకుండా అక్షరాలు ఏరుకుంది.

పోతూ పోతూ దొర అన్నాడు, "ఆఫీసు పని నా మీదికెళ్లే వస్తది నర్సయ్యా. జర యాదుంచుకో."

మధ్యాహ్నం సోమనర్సయ్య అన్నం ముందు కూర్చుని లేచాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. అర్రలో అటూ ఇటూ తిరిగాడు. చివరికి అంగీ వేసుకుని, సంచి తీసుకుని, భార్యకు చెప్పినట్టుగా గోడకు చెప్పాడు.

"ఓరుగల్లు వోయి కొత్త రోలర్లు తెస్త. రేపు రాను. గురువారం పొద్దుగాల వస్త."

కొత్త రోలర్లు అడిగిన వారానికి గాని రావని కట్టమ్మకూ తెలుసు. సోమనర్సయ్య అటక మీది నుంచి ఇనుప గొట్టం దించాడు, రోలరు పోసే అచ్చు అది. దాని పక్కన సరేసు పొట్లం పెట్టాడు.

"సరేసు నానవెట్టాలె. బెల్లంతోని సమానం వోస్తరు గని, ఎండకాలం బెల్లం జర తగ్గియ్యాలె. నీళ్ల గిన్నెల ఇంకో గిన్నె వెట్టి కాగవెట్టాలె, సక్కగ మంట మీద వెడితె మాడుతది. గొట్టానికి లోపల నూనె మరిస్తె ఊడి రాదు." ఇదంతా ఎవరితోనూ కాదన్నట్టు చెప్పి, గడప దిగి, వెనక్కి చూడకుండా పోయాడు.

సరోజన కొంగు బిగించింది. "మొగుడు వోయిండు," అంది. "రాసుకోమను ఆ సారును, మృతి అని."

ఈసారి కట్టమ్మ కూడా నవ్వింది.

సరేసు నానేసరికి పొద్దు వాలింది. పొయ్యి మీద గిన్నెలో అది కరుగుతుంటే వీధంతా తోలు వాసన, బెల్లం వాసన. సరోజన ముక్కుకు కొంగు కట్టుకుని కలిపింది. కట్టమ్మ పాత రోలర్ల ఇనుప కమ్ములను గీకి శుభ్రం చేసి, గొట్టంలో నిట్టనిలువుగా నిలబెట్టింది. ఉన్న గొట్టం ఒక్కటే. రోలర్లు రెండు కావాలి. మొదటిది పోసి, గొట్టానికి తడి గోనె చుట్టి, గంటకొకసారి నీళ్లు చల్లుతూ కూర్చున్నారు. అది గట్టిపడి ఊడి వచ్చేసరికి సరోజన చేతులెత్తి దండం పెట్టింది. నున్నగా, నల్ల అరటిపండు లెక్క ఉంది. రెండోది పోసి కట్టమ్మ అక్కడే చాప పరుచుకుంది.

బుధవారం కోడి కూసే జాముకు లేచి రెండోది లాగింది. ఒక చివర బొటనవేలంత బుడగ పడి గుంట ఉంది. మళ్లీ కరిగించి పోస్తే ఎండ ముదురుతుంది, ఎండ ముదిరితే మొదటిది కూడా పోతుంది. గుంట ఎంత దూరం ఉందో జానతో కొలిచింది. పేజీ వెడల్పు కొలిచింది. రోలరును తిప్పి బిగిస్తే గుంట పేజీ అంచు అవతలికి పోతుంది. వెంట్రుకవాసిలో పోతుంది గాని పోతుంది.

మొదటి కాగితానికి అక్షరాలు తేటగా పడ్డాయి. చివరి మూల మాత్రం మళ్లీ బోసి. కట్టమ్మ పాత పెండ్లి కార్డు చింపి, ఆ మూల అడుగున ముక్క అతికించింది. తొక్కింది. మసక. ఇంకో ముక్క. ఇప్పుడు మృ పడింది, తి పడలేదు. మూడో ముక్క పెట్టేటప్పుడు సరోజన ఆమె చెయ్యి పట్టుకుంది.

"కట్టమ్మా, ఒక మాట చెప్త ఇను. వత్తులు మిగిలే ఉన్నయ్. మీ పేర్లు మనమే కలుపుదాం. ఎవరికెర్క?"

కట్టమ్మ మిషను మీద చెయ్యి పెట్టి నిలబడిపోయింది. ఆ ఆలోచన తనకు సోమవారం నుంచే ఉంది. వేళ్లు కూడా ఉవ్విళ్లూరాయి. ముప్పై ఏడు పేర్లు, ఎంతసేపు?

"వద్దు వదినె. రేపు పట్టుకుంటె అన్నను జైల్ల వెడతరు. మేము బతికే ఉన్నం గద, దొంగతనంగ బతుకుడెందుకు?" మూడో ముక్క అతికించి కాలిపీట తొక్కింది. మూలలో ఆ వరుస మొత్తం, పుల్లిస్టాపుతో సహా నల్లగా పడింది.

సరోజన కాగితం పెడుతుంటే, కట్టమ్మ తొక్కుతుంటే, ఎండ వాకిట్లోకి వచ్చేలోపు పాతిక కాపీలు తయారయ్యాయి. మొదటి రెండు పేజీలతో కలిపి దారంతో కుట్టి, ఇద్దరూ తలుపుకు తాళం వేసి ఆఫీసుకు పోయారు. అక్కడి జవాను ఒక కాపీని చావడి గోడ మేకుకు తగిలించేదాకా కట్టమ్మ కదలలేదు. ఆ సాయంత్రం ఊరికి పోయి వాడకు చెప్పింది.

గురువారం పదింటికి వాడ వాడంతా ఆఫీసు చావడిలో కూర్చుంది. కొమురెల్లి తెల్లంగీ వేసుకొచ్చాడు. వెంకటనర్సమ్మను ఎడ్లబండి మీద తెచ్చారు. సోమనర్సయ్య ఖాళీ సంచితో తలుపు వారగా నిలబడ్డాడు, ఓరుగల్లు నుంచి సరాసరి వచ్చినట్టున్నాడు. రఘునాథ్ సారు గుమాస్తాల పక్కన కూర్చున్నాడు. లక్ష్మీకాంత్ దొరకు లోపల కుర్చీ వేశారు. ఆయన ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు.

ఆఫీసరు కళ్లద్దాల మనిషి, తొందర మనిషి. కొమురెల్లి రాయించి తెచ్చిన అర్జీ చదివాడు. "జాబితాలో పేర్లు లేవంటారు. ఎవరు చూసి చెప్పారు?"

దొర అందుకున్నాడు. "అదే నేనంటున్న సార్. వాళ్లల్ల అక్షరం ముక్క వచ్చినోడు ఒక్కడు లేడు. అర్జీ సుత ఎవరితోనో రాయించిన్రు. ఆఫీసు కాయితం గోడకెక్కక ముందే ప్రెస్సోడు బయటవెట్టిండు. గసువంటోనికి సర్కారు పని ఎట్లిస్తరు?"

సోమనర్సయ్య తలుపు వెనక్కి ఒదిగాడు. ఆఫీసరు ఆయన వైపు తిరిగాడు. "నువ్వు చెప్పావా?"

"ఆయన జెప్పలే," అంది కట్టమ్మ. తాను లేచి నిలబడ్డానని అప్పుడే ఆమెకు తెలిసింది. "ఆయన ఊళ్లనే లేడు. గోడకున్నది నేనే సదివిన."

దొర పెద్దగా నవ్వాడు. "ఇది వేలిముద్రల నిశాని సార్! మా చెలకల పనిజేసేది. పుట్టి బుద్ధెరిగినంక బలపం వట్టలే."

"చదివావా? అయితే చదువు," అన్నాడు ఆఫీసరు.

జవాను మేకు నుంచి జాబితా తీసి ఇచ్చాడు. కట్టమ్మ మూడో పేజీని దారం నుంచి విడదీసింది. అది చేతిలో ఉన్నంతసేపు చీమల బారే. వాడంతా చూస్తోంది, తమ్ముడు చూస్తున్నాడు. కాగితాన్ని పై అంచు కిందికి వచ్చేలా వెనక్కి తిరగేసింది. అచ్చు అవతలి వైపుకు పోయింది. కాగితం తలకిందులైంది.

"తలకిందులు వట్టింది సూడుర్రి!" అన్నాడు దొర. చావడిలో గుమాస్తాలు కూడా నవ్వారు. కొమురెల్లి తల దించుకున్నాడు.

ఆమె కిటికీ దగ్గరికి నడిచి, కాగితాన్ని ఎండకు ఎత్తి పట్టింది. ఉల్లిపొర కాగితంలోంచి వెలుతురు దిగింది. అక్షరాలు మిషను మీద ఉన్నట్టే, తన బల్ల మీద ఉన్నట్టే, ఎదురుగా వచ్చి నిలబడ్డాయి.

"మృతి వల్ల... తొలగించినవి... ముప్పై ఏడు," అని పైనున్న వరుస చదివింది. నవ్వు ఇంకా పూర్తిగా ఆగలేదు. ఆమె ఆ కింది వరుసకు దిగింది. "రెండు వందల తొంభై ఒకటి. వెంకటనర్సమ్మ. భర్త రాజయ్య. డెబ్బై రెండు. రెండు వందల తొంభై. అహల్య. భర్త లక్ష్మీకాంత్. నలభై నాలుగు."

తన ఇల్లాలి పేరు వినపడేసరికి దొర నవ్వు ఆగింది. ఆఫీసరు ఇంకో కాపీ తెప్పించుకుని వేలు పెట్టి చూస్తున్నాడు. ఆమె చివరి నుంచి మొదటికి చదువుకుంటూ పోతోంది, ఆయన వేలు కింది నుంచి పైకి పాకుతోంది. ఒక్క పేరు తప్పలేదు. పదిహేను పేర్లయ్యాక ఆయన చాలన్నాడు.

"రఘునాథ్ గారూ, వీళ్లు చనిపోయారని మీకెవరు చెప్పారు?"

పంతులు లేచాడు, చెమట తుడుచుకున్నాడు. "ఆ ముసలావిడేనండి. ఒక్కో ఇల్లూ చూపించి అడిగాను. అందరూ పోయారనే చెప్పిందండి. వాడకి ఏదో జబ్బు తగిలిందేమో అనుకున్నాను. పాపం, ఏడవను కూడా ఓపిక లేదు అనుకున్నాను."

వెంకటనర్సమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, కర్ర నేలకు కొట్టింది. "పోయిన్రు అన్న. మిర్చి ఏరవోయిన్రని సుత అన్న. నువ్వు పోయిన్రు కాడికి రాసుకొని లేస్తివి గద బిడ్డా! నేనేమో సారుకు ఎండదాకిందేమో అనుకున్న."

చావడంతా గొల్లున నవ్వింది. దొర కుర్చీలోంచి లేచి, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాడు. ఆఫీసరు పంతులును ఒక చూపు చూసి, పెట్టెలోంచి దస్త్రం తీయించాడు. ముప్పై ఏడు పేర్లు తిరిగి చేర్చడానికి ఒక్కొక్కరికి ఒక్కో కాగితం.

గుమాస్తా మొదటి కాగితం మీద కట్టమ్మ పేరు, ఊరు నింపి, సిరా మెత్తను ఆమె ముందుకు జరిపాడు. అలవాటుగా ఆమె ఎడమ బొటనవేలు లేచింది. మెత్త మీద ఆనబోయి ఆగింది.

"కలం ఇయ్యి సారూ."

ఆమె ఇంతవరకు కలం పట్టలేదు. పిడికిలితో పట్టి, వంగి, తాను చూసినవి చూసినట్టే గీసింది. ఒక్కో అక్షరానికి చాలాసేపు పట్టింది. వెనక నిలబడ్డ వాడ కదలలేదు. ముగించి, కాగితాన్ని రెండు చేతులతో ఆఫీసరు ముందుకు జరిపింది.

ఆయన చూశాడు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ చూశాడు. వత్తులు కింద ఉండాల్సింది పోయి పైన ఉన్నాయి. తలకట్టు కింద వేలాడుతోంది. గుమాస్తా తొంగి చూసి, "ఇదేం భాష సార్, వేలిముద్రే వేయిద్దాం," అన్నాడు.

ఆఫీసరు లేచి, కాగితాన్ని పై అంచు కిందికి వచ్చేలా తిరగేసి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఎండకు ఎత్తి పట్టాడు.

"కట్టమ్మ," అని పైకి చదివాడు.

తర్వాత కుర్చీలో కూర్చుని, ఆ గీతల కింద వేలిముద్ర అని అచ్చేసి ఉన్న మాటను కొట్టేసి, పక్కన సంతకం అని రాశాడు.